గాలాడే అర్ర

మా తల్లిగారింట్లో వెనక అర్రకు ఎండాకాలంలో ఉన్నంత మర్యాద మా బాపుకు కూడా ఉండదు. మే నెలలో వచ్చిన చుట్టాలు చెప్పులు విప్పుతూనే ఆ అర్ర వైపు చూస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందులో చాప పరిచే జాగా కోసం పెద్దమనుషులే పోటీ పడతారు. అదే అర్ర పుష్యమాసం వచ్చేసరికి ఎవరికీ అక్కరలేనిదవుతుంది. గోడకు చెయ్యానిస్తే తడిబట్టను ముట్టినట్టుంటుంది. ఇంట్లో తిరిగే పిల్లి కూడా గడప దాకా వచ్చి, లోపలికి ఒకసారి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్లిపోతుంది.

మాది శ్రీరాంపూర్ దగ్గర. మా వైపు చలి ఎట్లా ఉంటుందో చెప్తే బయటివాళ్లు నమ్మరు, తెలంగాణ అంటే ఎండలే అనుకుంటారు. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇల్లు కట్టుకున్నాడు. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని సామాన్ల అర్ర, అన్నిటికీ వెనక వాయవ్యం మూలకు బాపు పడుకునే అర్ర. ఒకే ఇల్లు, ఒకే స్లాబు, ఒకే మేస్త్రీ. అయినా చలికాలంలో హాల్లో స్వెట్టరు సరిపోతే, వెనక అర్రలో రగ్గు కావాలి. వంటింట్లో రెండూ అక్కరలేదు. ఎందుకిట్లా అని నేనెప్పుడూ అడగలేదు. ఇంట్లో ఒక అర్ర చల్లగా ఉండటం, ఇంట్లో ఒక మనిషి కోపిష్ఠిగా ఉండటం లాంటిదే, అలవాటైపోతుంది. మా ఇంట్లో ఆ కోపిష్ఠిని నేనే.

అడగాల్సిన అవసరం నా తొలికాన్పుకు వచ్చింది.

తొలికాన్పు తల్లిగారింట్లోనే కావాలి కదా, హుజూరాబాద్‌లోని మా అత్తగారింటి నుంచి అవ్వ నన్ను తీసుకొచ్చింది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. నా పెనిమిటి దోహాలో పనిచేస్తాడు. కాన్పుకు వస్తానని సెలవు పెట్టుకున్నాడు కానీ, మా బిడ్డకు తండ్రి సెలవు దాకా ఆగే ఓపిక లేకపోయింది. నెల ముందే పుట్టింది. ఆ తొందర ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. రెండు కిలోలకు తక్కువే తూగింది. నా అరచెయ్యీ ఇంకొంచెం ముంజేయీ కలిస్తే దాని వీపు మొత్తం పట్టేది. దవాఖానా నుంచి పంపేటప్పుడు సిస్టరమ్మ ఒకే మాట గట్టిగా చెప్పింది.

"పొట్ట ముట్టి సూడు, అరికాళ్లు ముట్టి సూడు. పొట్ట యెచ్చగుండి కాళ్లు సల్లగున్నయంటే పొల్లకు చలి పెడుతున్నట్టు. గిసొంటి పిల్లలకు పెద్ద మందు యెచ్చదనమే. చలి పెట్టనియ్యకున్రి."

ఇంటికి వచ్చేసరికి బాపు తన అర్ర నా కోసం సిద్ధం చేసి ఉంచాడు. మంచం కోళ్లకు రంగు వేయించాడు, కొత్త దోమతెర కట్టాడు, అర్రకే ఆనుకుని ఉన్న స్నానాల గదిలో గీజరు పెట్టించాడు. ఇంట్లో అంతకంటే మంచి అర్ర లేదు. అది ఆయనది. ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి వేరేవాళ్లు రాత్రిపూట అందులో పడుకోవాలంటే ఆయన లేనప్పుడే. అటువంటిది తన మంచం మీద నన్ను పడుకోబెట్టి, తను వరండాలో మడత మంచం వేసుకున్నాడు. ఆ చలిలో వరండా ఏమిటని ఎవరూ అనలేదు. బాయి పని చేసిన మనిషి, చలీ ఎండా లెక్కచేయడు అని మేమందరం ఎప్పుడో తీర్మానించుకున్నాం.

"మంచి అర్ర బిడ్డా, గాలాడుతది," అన్నాడు తలుపు దగ్గర నిలబడి. ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి నాకు రెండే పనులు, పాలివ్వడం, అరికాళ్లు ముట్టి చూడటం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒంటినిండా స్వెట్టరు పెట్టుకుని నేను ఆ బిడ్డకు స్వెట్టరు, దాని మీద టవలు, దాని మీద దుప్పటి కప్పేదాన్ని. లోపల చెయ్యి పెట్టి చూస్తే పొట్ట వెచ్చగా ఉండేది, కాళ్లు మాత్రం కుండలో నీళ్లలా తగిలేవి. రుద్దితే కాసేపు వెచ్చబడేవి, మళ్లీ మామూలే. పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయి నిద్రపోయేది. ఏడ్చే బలం కూడా లేనట్టు చిన్నగా మూలిగేది. నాకు భయం వేసేది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అది దోమతెర మీదా గీజరు మీదా పోయేది.

ఆ వారంలో సిస్టరమ్మ ఇంటికి వచ్చి, గుడ్డ ఊయలలాంటి త్రాసులో బిడ్డను తూచింది. ముల్లు కిందికి పోవాల్సింది పోయి, పుట్టినప్పటి కంటే పైననే ఆగింది. బరువు పెరగలేదు సరికదా తగ్గింది.

"పాలు తాగుతలేదా?" అని అడిగింది అవ్వ.

"తాగుతున్నది. తాగినయన్నీ ఒళ్లు కాగబెట్టుకునుడుకే పోతున్నయి, పెరుగుడుకు మిగుల్తలేవు," అంది సిస్టరమ్మ. అర్ర నాలుగు వైపులా చూసి, "జర యెచ్చగున్న తావుల పండబెట్టున్రి. మల్ల వారం గిట్లనే ఉంటే దవాఖానకు తీస్కరావాలె," అని చెప్పి వెళ్లింది.

దవాఖానా అనగానే నాకు కళ్లముందు పుట్టగానే బిడ్డను ఉంచిన ఆ గాజుపెట్టె, ట్యూబులు కనిపించాయి. ఆ రాత్రి నేను తిన్నదేమిటో నాకు గుర్తు లేదు.

అవ్వ చేతిలో తయారుగా ఉన్న మందు కుంపటి. బాలింత అర్రలో నిప్పు ఉండాలన్నది మా వైపు ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కరలేని సంగతి. తెల్లారి వాకిట్లో బొగ్గులు రాజేసి, ఎర్రగా అయ్యాక కుంపటిని కొంగుతో పట్టుకుని తెచ్చి మంచం కింద పెట్టింది, తలుపు మూసింది. ఇంకా పూర్తిగా వేడి పుట్టనైనా లేదు, బాపు వచ్చాడు. ఒక్క మాట మాట్లాడకుండా వంగి, ఆ కుంపటిని తీసుకుని వాకిట్లో పెట్టి వచ్చాడు.

"మూసిన అర్రల బొగ్గు నిప్పా? అకల్ ఉన్నదా నీకు?" అన్నాడు. అవ్వ మీద ఆయన గొంతు లేవడం నేను చాలా తక్కువసార్లు విన్నాను. "దాని యిసపు గాలికి వాసనుండదు, రంగుండదు. పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోతరు."

"నీ బిడ్డను గట్లనే సాదిన. పోయిందా?" అంది అవ్వ.

"గప్పుడు పెంకుటిల్లు. పెంకు సందులకెల్లి పొగ పోతుండె. గిది స్లాబు."

ఈ విషయంలో బాపుదే న్యాయం. సిస్టరమ్మ కూడా ఫోన్లో అదే చెప్పి అవ్వను మందలించింది. ఓడిపోయిన అవ్వ ఊరుకునే మనిషి కాదు. "మంచిది. నిప్పొద్దు. అయితే నీ అర్రల చలి ఎట్ల పోతదో నువ్వే చెప్పు," అని మూతి తిప్పుకుని వెళ్లింది. దోహా నుంచి మా ఆయన ఫికర్ చేయొద్దంటూ హీటరు కొనమన్నాడు. కొన్నాం. అది ఎర్రగా మండింది, మంచం పక్కన కూర్చుంటే మోకాళ్లు కాలాయి, వీపు మాత్రం చల్లగానే ఉంది. అర్ర మొత్తానికి మాత్రం దానివల్ల ఏమీ కాలేదు. ఆ వేడంతా ఎటు పోతున్నదో అని తలెత్తి చూసింది అవ్వే.

స్లాబుకు దగ్గరగా, బయటి గోడలకు రెండు వెంటిలేటర్లు. వాటికి అద్దాలు లేవు, ఉత్త జాలీ. మిగతా అర్రల్లో ఉన్నవాటికి అద్దాలున్నాయి, ఈ అర్రలోనే లేవు. ఒక దాంట్లోంచి వచ్చిన గాలి సరాసరి రెండో దాంట్లోంచి పోతోంది. ఇన్నేళ్లూ వాటిని చూస్తూనే ఉన్నాం, చూడలేదు.

అవ్వ తన పాత నేత చీరను రెండు ముక్కలు చేసి, స్టూలెక్కి రెండింట్లోనూ కుక్కింది. సాయంత్రానికే తేడా తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. తెల్లారి చూస్తే రెండు జాలీలూ ఖాళీగా ఉన్నాయి.

"కోతులే," అంది అవ్వ. మా కాలనీలో ఏది కనిపించకపోయినా కోతులే, జామకాయ నుంచి సెల్‌ఫోను దాకా. మళ్లీ కుక్కింది. మర్నాడు మళ్లీ లేవు. ఈసారి నేను వెతికాను. స్నానాల గదిలో బకెట్టు మీద, చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. కోతులు చేయని పని లేదని ఒప్పుకుంటాను కానీ, గుడ్డలు మడతపెట్టే కోతిని నేను అంతవరకూ చూడలేదు.

మూడోసారి అవ్వ కుక్కిన రోజు మధ్యాహ్నం, నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి బాపు స్టూలు మీద నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చీర ముక్కను మెల్లగా, చప్పుడు కాకుండా లాగుతున్నాడు. కింద మంచం మీద బిడ్డ నిద్రపోతోంది.

"బాపూ! పొల్లను బతుకనియ్యవా?" అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడింది. బాపు చేతిలో గుడ్డతోనే దిగాడు. ఆయన ముఖం చూస్తే దొంగతనంలో దొరికిన మనిషిలా లేదు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉంది. గడప మీద కూర్చుని ఆ గుడ్డను మడత పెట్టసాగాడు. అరుపు విని వచ్చిన అవ్వ ఆయన్నీ నన్నూ చూసి, కోపం లేని గొంతుతో అంది.

"చెప్పరాదు? ఇంకెన్నేండ్లు దాస్తవ్?"

గుడ్డ నాలుగు మడతలయ్యాక చెప్పాడు.

"నీకు అప్పటికి మాటలు రాలే. బాయిల రెండో షిఫ్టుల ఉన్న. మా ఎనుక కప్పు కూలింది. ఎవ్వలి మీద పడలే. తొవ్వ మూసుకపోయింది, గంతే. ముగ్గురం కూసున్నం. దెబ్బ లేదు, నొప్పి లేదు. గాలి నిలిచింది. గాలి నడిచినన్ని దినాలు అది ఉన్నట్టే మనకు తెల్వది బిడ్డా. నిలిచినంకనే తెలుస్తది. అవుతలకెల్లి తొవ్వ తీసి మమ్ముల బయటికి తెచ్చిన్రు. ఎవ్వలకు ఏం గాలే. తెల్లారి డ్యూటీకి పోయిన. కానీ మూసిన అర్రల పండుకుంటె మాత్రం పాణం గుంజుతది. లేచి ఉరుకుతా అనిపిస్తది."

అని ఆగి, ఆ జాలీల వైపు చూశాడు. "ఇల్లు కట్టెటప్పుడు మేస్త్రీకి చెప్పిన, గీ అర్రకు అద్దాలు వద్దు, రెండు దిక్కుల గాలి రావాలె అని. వాడు నవ్విండు. అర్ర కడుతున్నవా, కోళ్లగూడు కడుతున్నవా అన్నడు. మీ అవ్వ గుడ్డలు పెడితె పొల్లకు గాలాడదేమో అని నాకు పరేషాన్. తియ్యకుంట ఉండలేకపోయిన."

క్వార్టర్లో ఉన్నప్పుడు ఏ కాలమైనా బాపు మంచం బయటే ఉండేది. గురక భరించలేక అవ్వ తరిమిందని నేను పెద్దయ్యేదాకా నమ్మాను, అది చెప్పి ఆయన్ను ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వేవాడు. రిటైరయ్యాకే ఆయన ఇంటిలోపల పడుకోవడం మొదలుపెట్టాడు, ఆ అర్రలో మాత్రమే. అదంతా ఇప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. ఆ అర్రకు రెండు గోడలు బయటికే ఉన్నాయి, పక్కింటి మేడ నీడ పడి పొద్దు తగలదు, కింద నున్నటి బండలు. చల్లబడటానికి ఇవన్నీ కారణాలే. అయితే వీటన్నిటి కంటే ముందు, ఆ చలిని మా బాపు కావాలని కట్టించుకున్నాడు. అక్కడే ఆయనకు ఊపిరి ఆడేది. ఇంట్లో అన్నిటికంటే మంచి అర్ర అనుకుని, తను ఊపిరి పీల్చుకునే చోటును నాకూ నా బిడ్డకూ ఇచ్చి, తను వరండాలోకి పోయాడు. మేమేమో ఆ ప్రేమలో వణుకుతున్నాం.

ఆయన మీద ఇక నాకు కోపం రాలేదు. కానీ బిడ్డ కాళ్లు చల్లగానే ఉన్నాయి. ప్రేమతో అరికాళ్లు వెచ్చబడవు.

"సామాన్ల అర్రల పండుకుంటా," అన్నాను.

ఆ అర్ర తలుపు హాల్లోకి ఉంటుంది, నాలుగు గోడలూ ఇంటి లోపలివే. ఒక పక్క వంటింటి పొయ్యి గోడ, పొద్దంతా వెచ్చగా ఉంటుంది. అందులో బియ్యం బస్తాలు, మిరపకాయల సంచులు, పాత పరుపులు ఉంటాయి. అవ్వ తల పట్టుకుంది.

"ఇరువై ఒక్క దినానికి మీ అత్త వస్తది. బాలింతను బియ్యం బస్తాల నడుమ పండబెట్టిన్రని హుజూరాబాద్ మొత్తం చెప్పదా?"

"బియ్యం బస్తాల నడుమ లక్ష్మి ఉన్నదని చెప్పు," అన్నాను. అవ్వ నవ్వకుండా ఉండాలని చూసింది, కుదరలేదు.

నవ్వనిది బాపు ఒక్కడే. ఆ అర్రకు కిటికీ లేదు. వంటింటి వైపు పైన ఒక చిన్న జాలీ, తలుపు కింద సందు, అంతే. "గా అర్రల గాలేది?" అన్నాడు. దేవుడి పటం దగ్గర ఉన్న ఊదుబత్తి ఒకటి వెలిగించి, గడప ఇవతలే నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాచాడు. పొగ కాసేపు నిటారుగా లేచింది. ఆయన దాన్నే చూస్తున్నాడు, మేం ఆయన్ను చూస్తున్నాం. తర్వాత ఆ పొగ మెల్లగా వంటింటి జాలీ వైపు వంగింది. ఇంకోసారి చూసుకుని, "నడుస్తున్నది," అన్నాడు. అని వెంటనే వెనక్కి జరిగాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

బస్తాలు హాల్లోకి మారాయి. మిరపకాయల ఘాటుకు మొదటి రోజు అందరం తుమ్మాం. కాని ఆ సాయంత్రం దుప్పటిలో చెయ్యి పెడితే అరికాళ్లు నా చేతి కంటే వెచ్చగా తగిలాయి. నేను అవ్వను పిలిచి ముట్టి చూపించాను, అవ్వ రెండు కాళ్లనూ కళ్లకు అద్దుకుంది. వచ్చి చూసిన సిస్టరమ్మ మంచి పని చేశారంది. తూచితే బరువు తగ్గడం ఆగింది. ఇక పెరగాలి. అందుకు బిడ్డను ఊరికే పడుకోబెట్టవద్దని, బట్టలు లేకుండా ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టుకోమని చెప్పింది. తల్లే కానక్కరలేదు, ఇంట్లో ఎవరి ఛాతీ అయినా సరేనంది. నేను పగలు కట్టుకునేదాన్ని, నేను తినేటప్పుడు అవ్వ కట్టుకునేది. బాపు గడప అవతల కుర్చీ వేసుకుని అక్కడి నుంచే బిడ్డతో మాట్లాడేవాడు.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు పొద్దున నాకు పాలు గడ్డకట్టి విపరీతమైన జ్వరం వచ్చింది. ఒళ్లంతా వణుకు. అవ్వ నన్ను హాల్లో ఎండ పడే చోట మంచం మీద పడుకోబెట్టి, వేన్నీళ్ల గుడ్డలతో కాపడం పెడుతోంది. లోపల బిడ్డ ఒక్కతే ఉంది. దాని మూలుగు వినిపిస్తోంది. అవ్వ నన్ను వదలలేక, దాన్ని వదలలేక అటూ ఇటూ చూసింది. వరండాలో ఉన్న బాపు వైపు కూడా చూసింది, కానీ అడగలేదు. నేనూ అడగలేదు. అడగకూడదని ఇద్దరికీ తెలుసు.

బాపు తనే లేచాడు. చొక్కా, బనీను విప్పి కుర్చీ మీద వేశాడు. ఆ చలిలో ఒట్టి ఛాతీతో సామాన్ల అర్ర గడప దగ్గర నిలబడ్డాడు. కాళ్లకు నీళ్లు అడ్డం వచ్చినట్టు నిలబడిపోయాడు. లోపల బిడ్డ మళ్లీ మూలిగింది. ఆయన తల వంచి లోపలికి వెళ్లాడు. అవ్వ వెనకాలే పోయి, బిడ్డను ఆయన ఛాతీ మీద పెట్టి, చీర ముక్కతో చుట్టూ కట్టి, బయటికి వచ్చి తలుపు మూసింది. మూసేటప్పుడు అవ్వ చెయ్యి ఆగి ఆగి కదలడం నేను చూశాను.

కాపడం అయిపోయింది. అవ్వ ఇచ్చిన మాత్రకు నాకు చెమటలు పోసి జ్వరం కొంచెం దిగింది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. బిడ్డ మూలుగు లేదు, బాపు దగ్గూ లేదు. అవ్వ ఉండబట్టలేక లేచింది. నేనూ గోడ పట్టుకుని వెనకాలే నడిచాను. అవ్వ తలుపు మెల్లగా తీసింది.

బాపు పొయ్యి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పుష్యమాసంలో ఆయన నుదురంతా చెమట, మెడ మీదుగా కారుతోంది. దవడలు బిగిసి ఉన్నాయి. బిడ్డ మాత్రం నోరు కొంచెం తెరిచి, ఆయన ఛాతీ మీద హాయిగా నిద్రపోతోంది. దాని ముఖం ఎర్రగా ఉంది, పుట్టిన తర్వాత ఆ రంగు నేను చూడటం అదే మొదలు. ఆయన పెద్ద అరచెయ్యి దాని వీపు మీద ఉంది, అది ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ చెయ్యి లేచి దిగుతోంది.

అవ్వకు కళ్లలో నీళ్లు వచ్చాయి. తలుపును ఒక జానెడు తెరిచి అట్లాగే వదిలేసి వెనక్కి తిరిగింది.

బాపు కళ్లు తెరవలేదు.

"గాలొస్తున్నదే," అన్నాడు. "తలుపు దగ్గరికెయ్యి."